బాణీ వాళ్లది, నవ్వు ఎవరిది?

హాస్యాన్ని చిన్నచూపు చూడటం మన విమర్శకు కొత్త కాదు. హాస్యంలోనూ పేరడీ అంటే మరీ చులకన. ఒకరు రాసినదాన్ని మరొకరు వెక్కిరించడమే పేరడీ అనుకుని, వ్యాసం చివర ఒక వాక్యంతో దాన్ని సాగనంపే అలవాటు మనలో పాతుకుపోయింది. ఈ అలవాటును మార్చుకోవలసిన అవసరం ఇప్పుడు ఏర్పడింది. పుస్తకం చేరని ఇళ్లకు, నాటకం చేరని ఊళ్లకు ఈనాడు పేరడీ చేరుతున్నది. సినిమా పాట బాణీలో తమ మాటలు కూర్చి, సినిమా సన్నివేశాన్ని తమ ఊరి రచ్చబండ దగ్గరికి దించి, నలుగురైదుగురు పల్లె యువకులు తీసిన వీడియోను లక్షలాదిమంది చూస్తున్నారు. ఇంతమందిని నవ్వించే కళారూపం గురించి ప్రగతిశీల విమర్శ మౌనం వహిస్తే, ఆ రంగాన్ని వ్యాపారానికి చేజేతులా అప్పగించినట్లే అవుతుంది.

అయితే జనం చూస్తున్నారు కాబట్టి ఇది ప్రజల కళ అని చంకలు గుద్దుకోవడమూ పొరపాటే. జనం చూసేదంతా ప్రజాకళ కాదు. ఏ కళారూపాన్నయినా మూడు ప్రశ్నలతో పరిశీలించాలి. అందులో నవ్వేది ఎవరు? నవ్వులపాలవుతున్నది ఎవరు? ఆ నవ్వు తెచ్చే ఫలితం ఎవరికి చేరుతున్నది? ఈ మూడు ప్రశ్నలనూ మన తెలుగు అంతర్జాల పేరడీ బృందాల విషయంలో వేసుకుందాం.

ఈ ప్రశ్నలను తాండూరు, బషీరాబాద్ వైపు నిలబడి వేసుకుంటే విషయం మరింత తేటపడుతుంది. 2016 అక్టోబరులో ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం బషీరాబాద్. ఇక్కడి భాషలో తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ కలగలిసి ఉంటాయి. నేలలో కంది పండుతుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. నేలకింద నాపరాయి ఉంది. దేశంలో ఎన్నో ఇళ్ల గచ్చులకు ఆ బండలే పరిచారు. ఆ బండను తవ్వి, కోసి, నునుపు చేసి, లారీకెత్తిన మనిషి మాట్లాడే భాష మాత్రం తెలుగు తెర మీద చాలాకాలం గౌరవంగా వినపడలేదు. వినపడినా రౌడీ నోటనో, నౌకరు నోటనో వినపడింది. నాయకుడు మాట్లాడితే అది భాష, ఈ ప్రాంతపు మనిషి మాట్లాడితే అది హాస్యం. దశాబ్దాలపాటు తెలుగు సినిమా తెలంగాణ పలుకుబడికి చేసింది ఒకరకంగా పేరడీయే. కాకపోతే అది పైనున్నవాడు కిందివాడి మీద చేసిన పేరడీ.

పేరడీ గురించి మాట్లాడేటప్పుడు మొదట గుర్తించవలసిన వాస్తవం ఇది. పేరడీ దానంతటదే ప్రగతిశీలమూ కాదు, అభివృద్ధి నిరోధకమూ కాదు. అది ఏ దిశగా ప్రయోగించబడుతున్నదన్నదే ముఖ్యం.

మన జానపద కళల్లో ఈ దిశ స్పష్టంగానే ఉండేది. పగటివేషగాళ్లు ఊరి పెద్దల నడకను, మాటతీరును, ఆడంబరాన్ని అనుకరించి ఆ పెద్దల ముందే నవ్వించేవారు. తెలంగాణ పల్లెల్లో తుపాకీ రాముడని, పిట్టలదొర అని పిలిచే వేషగాడున్నాడు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, చేతిలో కర్రతుపాకీ. నోరు తెరిస్తే కోటలు దాటే కోతలు. జాగీర్లు, జమీన్లు, అధికారం అన్నీ తనవేనంటాడు. చివరికి చెయ్యిచాచి గింజలు అడుక్కుంటాడు. దొరతనానికి ఇంతకన్నా ఘాటయిన పేరడీ ఉందా? జనం నవ్వేది ఆ బిచ్చగాడిని చూసి కాదు, వాడు అనుకరిస్తున్న దొరను చూసి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, తెలంగాణ సాయుధ పోరాటకాలంలో సుద్దాల హనుమంతు వంటి కళాకారులు, గొల్లసుద్దులు, బుర్రకథ, పిట్టలదొర మొదలైన రూపాలను చేపట్టింది వినోదానికి మాత్రమే కాదు. జనానికి అప్పటికే తెలిసిన బాణీలో, తెలిసిన వేషంలో కొత్త వస్తువును అందించవచ్చునని వారు గ్రహించారు.

లిఖిత సాహిత్యంలో జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి (1914-1968) పేరడీకి ఒక ప్రతిష్ఠ తెచ్చాడు. శ్రీశ్రీ మొదలుకొని తన సమకాలికుల శైలులను ఆయన అనుకరించిన తీరు, ఆ శైలుల గుట్టు తెలిసినవాడి పని. అయితే జరుక్‌శాస్త్రి పేరడీని ఆస్వాదించాలంటే మూలకవిత చదివి ఉండాలి. అది చదువుకున్నవాళ్లు చదువుకున్నవాళ్ల కోసం చేసిన హాస్యం. సినిమా పాట వచ్చాక ఈ పరిమితి తొలగిపోయింది. హిట్టయిన పాట నాగలి పట్టినవాడికీ, నాపరాయి మోసేవాడికీ తెలుసు. ఎన్నికలు వస్తే ప్రతి పార్టీ సినిమా బాణీలో తన గుర్తును ఇరికించి మైకుల్లో మోగిస్తున్నది. అంటే పేరడీకి అవసరమైన ఉమ్మడి జ్ఞానాన్ని ఇప్పుడు సినిమా పరిశ్రమ తయారుచేసి పెడుతున్నది. దీని పర్యవసానాన్ని తరువాత చూద్దాం.

ఈ పరిణామానికి ఒక భౌతిక పునాది ఉంది. యూట్యూబ్ 2005లో పుట్టింది. 2011 నవంబరులో ధనుష్ పాడిన ‘కొలవెరి’ పాట అంతర్జాలంలో వ్యాపించి, దానికి దేశమంతటా లెక్కలేనన్ని పేరడీలు రావడంతో ఈ మాధ్యమం బలం మన పరిశ్రమకు తెలిసివచ్చింది. 2014లో వచ్చిన ‘హృదయ కాలేయం’ సినిమా తెలుగు కథానాయకుడి అతిశయాలన్నిటినీ పేరడీ చేసి, మొదట అంతర్జాలంలోనే పేరు తెచ్చుకుని, సిద్దిపేట ప్రాంతపు సంపూర్ణేశ్ బాబును ‘బర్నింగ్ స్టార్’గా నిలబెట్టింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో ఫోనులో వీడియో చూడటం పట్నం మధ్యతరగతి విలాసంగా మిగల్లేదు. కూలికి పోయే మనిషి చేతిలోకీ వచ్చింది. ప్రేక్షకుడు మారాడు కాబట్టి ప్రదర్శకుడూ మారాడు.

ఇప్పటి జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లి అనే చిన్న ఊళ్లో శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో ప్రారంభించిన ‘మై విలేజ్ షో’ ఈ మార్పుకు మంచి ఉదాహరణ. అనిల్ జీల వంటి యువకులు అందులో నటులయ్యారు. కూలిపని చేసి, బీడీలు చుట్టి బతుకీడ్చిన గంగవ్వ అరవై ఏళ్లకు చేరువవుతుండగా ఈ బృందానికి ముఖమయింది. బడికి పోని ఆ మనిషి మాట్లాడిన భాషకు ఎవరూ శుద్ధి చేయలేదు. ఊరి ఇళ్లే రంగస్థలం, ఊరివాళ్లే పాత్రలు. పండుగలు, పెళ్లిళ్లు, వ్యవసాయం, ఎన్నికలు, పట్నపు మోజులు, సినిమాలు అన్నీ వారి హాస్యానికి వస్తువులయ్యాయి.

టెలివిజన్‌లో ఇటువంటి పనే బషీరాబాద్‌కు దగ్గరి ప్రాంతంనుంచి జరిగింది. చేవెళ్ల మండలం పామెన గ్రామానికి చెందిన రవికుమార్, వీ6 ఛానెల్ ‘తీన్మార్ వార్తలు’లో ‘బిత్తిరి సత్తి’గా వచ్చి, వార్తలు చదివే గంభీరధోరణినే పేరడీ చేశాడు. పట్టుబట్టలు కట్టి పుస్తకభాషలో పలికే వార్తల్ని వెర్రిబాగులవాడి ముఖంతో, ఊరి భాషలో తిరగేసి చెప్పాడు. ఆయన 2019లో కథానాయకుడిగా నటించిన చిత్రం పేరు ‘తుపాకీ రాముడు’ కావడం యాదృచ్ఛికమే కావచ్చు. సంప్రదాయం మాత్రం ఒకటే.

వీరు సాధించిన విజయాన్ని తక్కువచేయరాదు. ఇంతకాలం పరిహాసానికి గురయిన భాష, ఇప్పుడు పరిహసించే భాష అయింది. వెనుక భవనాలు, ముందు సూటుబూట్లు ఉంటే తప్ప మనిషి తెరకు పనికిరాడన్న భ్రమ పగిలింది. 2013లో ప్రారంభమైన ‘జబర్దస్త్’ తరహా టెలివిజన్ హాస్యంతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ నవ్వు పుట్టేది ఎక్కువగా ఆడవేషం వేసిన మగవాడి ఒంటి నుంచి, పొట్టివాడి ఎత్తు నుంచి, నల్లవాడి రంగు నుంచి, భార్యను తిట్టే భర్త నోటి నుంచి. లంబాడిపల్లి హాస్యంలో ముసలి అవ్వ నవ్వులపాలయ్యే పాత్ర కాదు. ఎదుటివాడి దాష్టీకాన్ని ఒక్క మాటతో దించే పాత్ర. ఇది గుణాత్మకమైన మార్పు.

ఇంతవరకు అంగీకరించాక, రెండవ ప్రశ్న వేసుకుందాం. ఈ నవ్వు ఎవరి మీద?

‘పల్లెటూళ్లో ఫలానా సినిమా’ అనే తరహా పేరడీలను ఒకసారి పరిశీలించండి. సినిమాలో కారున్నచోట ఎడ్లబండి, విమానమున్నచోట ట్రాక్టరు, కథానాయిక ఊటీలో పాడినచోట చెరువుగట్టు. ఇందులో రెండు రకాల నవ్వు పుట్టవచ్చు. సినిమా చూపే ఐశ్వర్యం ఎంత అబద్ధమో బయటపడి నవ్వు రావచ్చు. లేదా సినిమాలో ఉన్నది మా ఊళ్లో లేదే అన్న లేమిని చూసుకుని నవ్వు రావచ్చు. పైకి రెండూ ఒకేలా వినపడతాయి. మొదటిది సినిమాను దించుతుంది, రెండవది పల్లెను దించుతుంది. ఒకే వీడియోలో ఈ రెండూ కలిసి ఉంటాయి. విమర్శకుడి పని వీటిని విడదీసి చూపడం. మన వీడియోల్లో చాలావాటిలో మొదటి నవ్వు మొదలయి, రెండవ నవ్వుతో ముగుస్తున్నది. కథానాయకుడి ఫైటును వెక్కిరిస్తారు. ఆ ఫైటు దేనికోసమో, ఎవరి ఆస్తిని కాపాడటానికో అడగరు. పాట నడకను వెక్కిరిస్తారు; ఆ పాట స్త్రీని గురించి చెప్పినదాన్ని అలాగే వదిలేస్తారు. ఇది రూపం మీద పేరడీ, వస్తువు మీద కాదు. రూపాన్ని మాత్రమే వెక్కిరించే పేరడీకి సినిమావాళ్లు భయపడరు. పైపెచ్చు తమ పాటకు ప్రచారం దొరికిందని సంతోషిస్తారు.

‘హృదయ కాలేయం’ విషయంలో జరిగింది ఇదే. అసంభవాలు చేసే కథానాయకుణ్ణి వెక్కిరించిన ఆ చిత్రాన్ని పరిశ్రమ పెద్దలు కోపగించుకోలేదు, మెచ్చుకున్నారు. అసంభవాలు చేసే కథానాయకులు ఆ తరువాత తగ్గనూ లేదు.

మూడవ ప్రశ్న ఫలితం గురించినది. ఇక్కడ ఆర్థికవ్యవస్థ లెక్కలోకి వస్తుంది. యూట్యూబ్ 2007 నుంచి ‘కంటెంట్ ఐడీ’ అనే ఏర్పాటును నడుపుతున్నది. ఒక సంగీత కంపెనీకి చెందిన ధ్వని మరొకరి వీడియోలో వినపడితే యంత్రమే పట్టుకుంటుంది. ఆ వీడియోను ఆపించే హక్కు గాని, దాని మీద వచ్చే ప్రకటనల డబ్బును తీసుకునే హక్కు గాని కంపెనీకి దక్కుతుంది. 2018లో వచ్చిన నిబంధన ప్రకారం, వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ లేనివారికి ప్రకటనల ఆదాయంలో భాగమే లేకుండాపోయింది. భాగం దొరికినవారికి కూడా సాధారణ వీడియోల మీద వచ్చేది 55 శాతం. మిగతా 45 శాతం సంస్థది. పొలం తనది కాకుండా, విత్తనం తనది కాకుండా పంట పండించే కౌలురైతు పరిస్థితికీ దీనికీ పెద్ద తేడా ఏముంది? బాణీ కంపెనీది, వేదిక విదేశీ సంస్థది, చెమట మాత్రం పల్లె కళాకారుడిది. జానపదుల బాణీలను సినిమా తీసుకున్నప్పుడు మూలగాయకుల పేరు కూడా చెప్పని సందర్భాలు మనకు తెలుసు. అదే సినిమా బాణీని జానపదుడు తిరిగి తీసుకుంటే యంత్రం పట్టుకుంటున్నది.

చట్టం ఏమంటున్నది? మన 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శకు, సమీక్షకు న్యాయమైన వినియోగాన్ని అనుమతిస్తుంది. పేరడీ అనే మాట అందులో లేదు. అమెరికాలో ‘టూ లైవ్ క్రూ’ అనే పాటల బృందం రాయ్ ఆర్బిసన్ పాటకు చేసిన పేరడీ మీద వచ్చిన వివాదంలో, డబ్బు కోసం చేసినంతమాత్రాన పేరడీ దొంగతనం కాదని అక్కడి సుప్రీంకోర్టు 1994లో తీర్పు చెప్పింది. మనకు ఇంకా దగ్గరయిన ఉదాహరణ కేరళది. తోప్పిల్ భాసి 1952లో రాసిన సుప్రసిద్ధ నాటకం ‘నన్ను కమ్యూనిస్టును చేసింది మీరే’ ప్రగతిశీల రంగస్థలానికి గర్వకారణం. ఆ పాత్రలనే, ఆ సన్నివేశాలనే తీసుకుని సివిక్ చంద్రన్ 1995లో ఎదురునాటకం రాశాడు. పేదల త్యాగం ఏమయిందని, కమ్యూనిస్టులయింది ఎవరని నిలదీశాడు. భాసి వారసులు కోర్టుకెక్కారు. విమర్శ కోసం మూలరచనను వాడుకోవడం న్యాయమైన వినియోగమేనని కేరళ హైకోర్టు 1996లో చెప్పింది. ఈ ఉదంతంలో మనబోటివాళ్లకు ఒక పాఠం ఉంది. పేరడీ హక్కును సినిమావాళ్లమీద ప్రయోగించడానికి మాత్రమే సమర్థిస్తే చాలదు. మనమీద ప్రయోగించినప్పుడు కూడా సమర్థించాలి.

ఆదాయం సంగతి ఇలా ఉంటే కీర్తి సంగతి మరొకరకం. 2020లో గంగవ్వ ‘బిగ్ బాస్’ తెలుగు నాలుగో విడతలో ప్రవేశించింది. ఆరోగ్యం సహకరించక మధ్యలోనే బయటికి వచ్చింది. ఆ తరువాత సొంత ఇల్లు కట్టుకోగలిగింది. జీవితమంతా రెక్కలు ముక్కలు చేసుకున్న మనిషికి ఒక ఇల్లు సమకూరితే దాన్ని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. ఇక్కడ విమర్శ వ్యక్తి మీద కాదు, వ్యవస్థ మీద. సినిమాను వెక్కిరించి పేరు తెచ్చుకున్న బృందం దగ్గరికి సినిమాతారలు తమ చిత్రాల ప్రచారం కోసం రావడం మొదలయింది. వెక్కిరించినవాడు ఆతిథ్యం ఇచ్చేవాడయ్యాడు. అతిథిని ఇంటికి పిలిచి ముఖం మీద వెక్కిరించలేం కదా! పాలకవర్గ సంస్కృతి తన ప్రత్యర్థిని ఎప్పుడూ కొట్టి లొంగదీయదు; చాలాసార్లు సన్మానించి లొంగదీస్తుంది.

“హాస్యానికి ఇన్ని బరువులు ఎందుకు? పగలంతా కష్టపడినవాడు రాత్రి పది నిమిషాలు నవ్వుకుంటే మీకేం నష్టం?” అని ప్రశ్నించేవారు లేకపోలేదు. ప్రశ్న న్యాయమైనదే. నవ్వు శ్రామికుడి హక్కు. ప్రతి పేరడీ చివర నినాదం ఉండాలని కోరడం కళ తెలియనివారి కోరిక. 2020 ఏప్రిల్‌లో కరోనా విజృంభించినప్పుడు ఎం.ఎం.కీరవాణి తన ‘స్టూడెంట్ నంబర్ వన్’ పాట బాణీకే కొత్త మాటలు కట్టి, ఇంటిపట్టున ఉండమని పాడాడు. ఉద్దేశం మంచిదే. కాని తన పాటకు తానే పేరడీ కట్టినా, అందులో సందేశం ఉంది గాని నిలదీసే గుణం లేదు. సందేశం వేరు, విమర్శ వేరు. మేం కోరుతున్నది సందేశం కాదు. నవ్వు గురి తప్పకుండా ఉండటం.

గురి తప్పని పేరడీకి ఉదాహరణలు లేకపోలేదు. తమిళనాడులోని కొడైకెనాల్‌లో హిందూస్థాన్ లీవర్ కంపెనీ నడిపిన థర్మామీటర్ల కర్మాగారం, పాదరసపు వ్యర్థాల వివాదంతో 2001లో మూతపడింది. కార్మికులు ఏళ్లతరబడి పోరాడారు. 2015 జులైలో చెన్నైకి చెందిన సోఫియా అష్రఫ్, అప్పట్లో ప్రపంచమంతా మోగుతున్న ఒక అమెరికన్ పాట బాణీలో ఆ కార్మికుల కథను పాడింది. పత్రికలు పట్టించుకోని విషయం కొద్దిరోజుల్లో దేశదేశాలకు తెలిసింది. 2016 మార్చిలో కంపెనీ 591 మంది మాజీ కార్మికులతో ఒప్పందం చేసుకున్నది. పాట ఒక్కటే ఇది సాధించిందనడం అతిశయోక్తి. సాధించింది కార్మికుల పోరాటం. కాని పోరాటం దగ్గర అప్పటికే నిజం ఉంది, పాట దానికి బాణీ ఇచ్చింది. ఆ బాణీ కంపెనీలు అమ్మిన బాణీయే కావడం గమనించదగ్గది. వాళ్లు తయారుచేసిన ఉమ్మడి జ్ఞానాన్ని వాళ్లమీదికే తిప్పడం సాధ్యమేనని ఇది రుజువు చేసింది.

గురి తప్పని నవ్వుకు మూల్యమూ ఉంటుంది. లాహోరులో ‘బేగైరత్ బ్రిగేడ్’ అనే యువకుల బృందం 2011లో ‘ఆలూ అండే’ అనే పంజాబీ వ్యంగ్యగీతంతో అంతర్జాలంలో పేరుపొందింది. 2013లో సైన్యం జోలికి పోయిన పాటకు అక్కడ నిరోధం ఎదురయింది. 2025 మార్చిలో ముంబైలో కునాల్ కామ్రా ఒక హిందీ సినిమా పాట బాణీలో మహారాష్ట్ర ఉపముఖ్యమంత్రి ఏక్‌నాథ్ షిండే మీద పేరడీ పాడితే, ఆ ప్రదర్శన చిత్రీకరించిన స్టూడియోను ఆయన పార్టీ కార్యకర్తలు ధ్వంసం చేశారు. కళాకారుడి మీదే కేసు పెట్టారు. సినిమా కథానాయకుణ్ణి వెక్కిరిస్తే ప్రశంస, మంత్రిని వెక్కిరిస్తే కేసు. పేరడీ ఎక్కడ రూపాన్ని దాటి వస్తువును తాకుతున్నదో కొలిచేందుకు ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకదు.

ఇప్పుడు మళ్లీ బషీరాబాద్ వైపు చూద్దాం. తెలుగు సినిమాలో లారీ గాల్లోకి లేస్తుంది, కథానాయకుడు దాన్ని ఒంటిచేత్తో ఆపుతాడు. దీన్ని పేరడీ చేసి నవ్వించడం తేలిక. కాని ఈ ప్రాంతంలో లారీ అంటే ఏమిటి? 2025 నవంబరు 3న తాండూరు నుంచి హైదరాబాదు వెళ్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఢీకొని సుమారు ఇరవైమంది మరణించారు. చదువుకునే ఆడపిల్లలున్నారు, చంటిబిడ్డతో తల్లి ఉంది. ఆ రోడ్డును వెడల్పు చేయాలని ఈ ప్రాంత ప్రజలు ఏళ్లుగా అడుగుతున్నారు. చావు మీద నవ్వడం ఎవరూ చేయరాదు. కాని ప్రతి ఎన్నికకూ అదే రోడ్డును వాగ్దానం చేసే నాయకుడి కంఠం, శిలాఫలకాల వరుస, బరువు మించిన బండిని చూడనట్లు చూసే కన్ను ఇవన్నీ పిట్టలదొర కోతలకన్నా ఏం తక్కువ? ఈ ప్రాంతపు యువకుడు సినిమా లారీని వెక్కిరించి అక్కడే ఆగిపోతే, అతని పేరడీ సగం దారిలో నిలిచిపోయినట్లే. ఆ లారీ పక్కన తన ఊరి టిప్పరును నిలబెడితే, ఆ పేరడీకి ఎవరూ ఆతిథ్యం అడగడానికి రారు. అప్పుడది తన గురిని చేరినట్లు.

ఇందులో రచయితల బాధ్యతా తక్కువేమీ కాదు. పల్లె బృందాల దగ్గర నటులున్నారు, భాష ఉంది, ఫోను ఉంది. వారికి తరచు కొరవడుతున్నది పాట రాసేవాడు. సుద్దాల హనుమంతు తరం కవులు పాట కట్టడాన్ని చిన్నతనంగా భావించలేదు. తమ పేరు వినపడకుండా తమ పాట వినపడితే చాలనుకున్నారు. ఈనాటి కవి మాత్రం సంకలనంలో అచ్చయితే కవిత్వమని, వీడియోలో పాడితే చవకబారుతనమని దూరంగా ఉంటున్నాడు. ఆ దూరాన్ని సినిమా ప్రచారశాఖలు పూరిస్తున్నాయి. కన్నడం, ఉర్దూ, తెలుగు కలిసిన ఆ సరిహద్దు నుడికారంలో, వీలయితే కంపెనీ యంత్రానికి చిక్కని మన జానపద బాణీల్లో, తప్పనిసరయితే వాళ్ల బాణీలోనే, కంది ధర గురించీ రాతిపొడి గురించీ నవ్వు పుట్టించే పాటలు రాసివ్వడం కవులకు చేతకాని పనికాదు. చేయకపోతే లంబాడిపల్లి దాకా వచ్చి ఆగిన ఈ నవ్వు, తెరమీద తారల పక్కన కూర్చునే నవ్వుగానే మిగిలిపోతుంది.